ఫ్రెడరిక్ డగ్లసు చరిత్రము: ఒక జాతి గుణదోష విచారము

ఒక దేశము చేసిన ఘనకార్యములను, అదే దేశము చేసిన పాపములను ఎదురెదురుగా నుంచి తూచవలసి వచ్చినపుడు మనుష్యులు సాధారణముగా రెండు పొరపాటులలో నొకదానియందు బడుచుందురు. కొందరు ఘనకార్యములను జూపి పాపములను గప్పిపుచ్చుదురు. మరికొందరు పాపములను జూపి ఘనకార్యములన్నియు బూటకములని త్రోసివేయుదురు. పైకి వీరిరువురును బరస్పర విరోధులవలె గానవత్తురు గాని, యథార్థమునకు ఇరువురి కోరికయు నొక్కటియే. లెక్క యెట్లో ముగిసిపోవలెననియు, ఇక జేయవలసిన పని మిగులరాదనియు వారు తలంతురు. అట్లు లెక్కను ముగింపనీయక, తన దేశముయొక్క ఘనతను ఘనతగాను, పాపమును బాపముగాను జీవితాంతము చెప్పుచు వచ్చిన యొక మహాపురుషుని చరిత్రమును మే మిచట సంగ్రహముగా జెప్పదలచితిమి. ఆయన పేరు ఫ్రెడరిక్ డగ్లసు.

అమెరికా దాస్యవిమోచన కథ తెలుగువారికి గ్రొత్త గాదు. 1906వ సంవత్సరమున స్థాపింపబడిన విజ్ఞానచంద్రికా మండలి మొట్టమొదట బ్రకటించిన గ్రంథము గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు రచించిన అబ్రహాము లింకను చరిత్రమే. దాసులను విడిపించిన దేశాధ్యక్షుని మనవా రట్లు చిరకాలముక్రిందటనే యెరిగియున్నారు. కాని దాసుడుగా బుట్టి, తన్ను దానే విడిపించుకొని, పిమ్మట ఆ దేశాధ్యక్షుని సయితము పక్షపాతములేక తూచి చెప్పిన వానిని మనలో నెరిగినవారు తక్కువ.

మొదట ఆ దేశముయొక్క లెక్కను గొంచెము విచారింతము. 1776వ సంవత్సరము జూలై 4వ తేదీని అమెరికాలోని పదుమూడు వలసరాజ్యములవారు తాము బ్రిటిషు ప్రభుత్వమునకు లోబడియుండమని ప్రకటించిరి. పుట్టుకచేత నెవ్వడును మరియొకనికి దక్కువవాడు కాడనియు, ప్రజల సమ్మతిలేని ప్రభుత్వమునకు న్యాయమైన యధికారము లేదనియు నా ప్రకటన లోకమునకు జాటెను. రాజులయొక్క దైవదత్తాధికారమును లోకము నమ్ముచుండిన కాలమున ఒక ప్రజాసమూహ మింతటి మాటను దన రాజ్యమునకు బునాదిగా జేసికొనుట సామాన్యకార్యము కాదు. కాని దానిని వ్రాసిన తామసు జఫర్సను దన జీవితకాలములో నారువందలకు బైబడిన దాసులకు యజమానుడుగా నుండెను. 1787వ సంవత్సరమున సిద్ధమైన రాజ్యాంగము, ప్రతినిధుల సంఖ్యను నిర్ణయించుటకై దాసుల సంఖ్యలో నైదింట మూడువంతులనే లెక్కకు దీసికొనెను. బయటిదేశములనుండి దాసులను దెచ్చు వర్తకమును 1808వ సంవత్సరమువరకు నిషేధింపరాదని కట్టుదిట్టము చేసెను. పారిపోయిన వానిని యజమానునికి మరల నప్పగింపవలెనని విధించెను. 1860వ సంవత్సరపు జనాభా లెక్కనాటికి ఆ దేశమున దాసుల సంఖ్య దాదాపు నలుబదిలక్షలు. ఒకే చేతితో వ్రాసిన లెక్కలో జమయు నిదియే, ఖర్చును నిదియే.

1818వ సంవత్సరమున మేరీలాండు రాష్ట్రములోని టాల్బటు ప్రాంతమున నొక దాసికి మన చరిత్రనాయకుడు జన్మించెను. అతనికి మొదట బెట్టిన పేరు ఫ్రెడరిక్ బెయిలీ. తాను పుట్టిన దిన మతనికి జీవితాంతము తెలియలేదు. తండ్రి తెల్లవాడని మాత్రము వినికిడి. తల్లి హారియెట్టు పండ్రెండుమైళ్ల దూరమున వేరొక పొలములో బనిచేయుచు, పగటిపని ముగిసిన పిదప జీకటిలో నడచివచ్చి, బిడ్డను నిదురపుచ్చి, తెల్లవారకమునుపే మరలిపోవుచుండెను. అట్టి రాకలు నాలుగైదింటికి మించలేదు. అతనికి ఏడేండ్ల ప్రాయము వచ్చునప్పటికి ఆమె మరణించెను. మొదటి కొన్నియేండ్లు బాలుడు అమ్మమ్మయగు బెట్సీ చేతిలో బెరిగెను.

ఇంచుమించు ఎనిమిదవయేట నతనిని బాల్టిమోరు పట్టణమున హ్యూ ఆల్డను నతని యింటికి బంపిరి. ఆల్డు భార్య సోఫియా దయగల స్త్రీ. ఆమె బాలునకు అక్షరములు నేర్ప నారంభించెను. భర్త యది తెలిసికొని, చదువు వచ్చినవాడు దాస్యమునకు బనికిరాడని చెప్పి మాన్పించెను. బాలుడా మాటను వినెను. యజమాను డేది కూడదనుచున్నాడో యదియే తనకు గావలసినదని యతడు నిశ్చయించుకొనెను. వీధులలో దిరుగు బీద తెల్లపిల్లలకు ఇంటిరొట్టె యిచ్చి వారిచేత బాఠములు చెప్పించుకొనెను. యాబది సెంట్లు కూడబెట్టి ప్రసిద్ధోపన్యాసముల సంపుట మొకటి కొని మరల మరల జదివెను. స్వాతంత్ర్యమును గూర్చియు, మనుష్యుల హక్కులను గూర్చియు నా జాతి తన పిల్లలకొరకై యచ్చువేయించుకొనిన గ్రంథమును, ఆ జాతియే బానిసగా నుంచిన పిల్లవాడు చాటుగా జదివెను. ఆయన తరువాతి జీవితమంతయు ఈ చిన్న సంగతిలోనే యిమిడియున్నదని మేము తలచుచున్నాము.

కొన్నియేండ్లకు అతనిని మరల పల్లెకు, తామసు ఆల్డను యజమానునియొద్దకు బంపిరి. ఈ తామసు ఆల్డు 1832వ సంవత్సరమున నొక భక్తసమాజములో హృదయపరివర్తనము పొంది ప్రార్థనలు చేయ నారంభించెను. ఇంక నితనికి దయ కలుగునని ఫ్రెడరిక్ ఆశించెను. కలుగలేదు సరిగదా, క్రౌర్య మిబ్బడించెను. దానికి శాస్త్రప్రమాణములు కూడ దొరకెను. దైవమును దలచు నోటితోనే తోడిమనుష్యుని గొట్టుటకు ఆజ్ఞ యీయవచ్చునని యా బాలుడు కన్నులార జూచెను. మతముపేర జరుగు నాచారము వేరు, ధర్మము వేరు అని యతడు తరువాత నెన్నో సభలలో జెప్పుటకు మూలమిదియే. 1834వ సంవత్సరమున నతనిని, దాసులను లొంగదీయుటలో బేరుమోసిన కోవీ యను రైతునొద్ద బనికి బెట్టిరి. ఆరునెలలు కొరడాదెబ్బలు తిని, ఒకనాడిక సహింపలేక ఎదురు తిరిగి పెనుగులాడెను. ఆ దినమునుండి కోవీ యతనిపై జేయి వేయలేదు.

1836లో బారిపోవ నొకమారు యత్నించి పట్టుబడి చెరసాల జూచెను. మరల బాల్టిమోరునకు బంపబడి, ఓడపలకల సందులను నారతోను గీలుతోను బూడ్చు పని నేర్చెను. అతని కష్టార్జితము వారమువారమును యజమానుని సంచిలో బడుచుండెను. 1838వ సంవత్సరము సెప్టెంబరు 3వ తేదీని నావికుని వేషము ధరించి, ఒక స్వతంత్రుడైన నల్లనావికుని పత్రము నెరవు దీసికొని, పొగబండి యెక్కెను. ఒకదినము దాటకమునుపే న్యూయార్కు నగరమున గాలు పెట్టెను. అన్నా మర్రే యను స్వతంత్రురాలగు నల్లవనిత తాను గూడబెట్టిన ధనముతో నీ ప్రయాణమునకు దోడ్పడెను. ఆమె వెంటనే వచ్చి చేరగా, పండ్రెండు దినములకు వారిరువురికిని వివాహ మాయెను. పట్టువడకుండుటకై యతడు పేరు మార్చుకొని డగ్లసు అయ్యెను. మసాచుసెట్సు రాష్ట్రములోని న్యూ బెడ్‌ఫర్డున గూలిపని చేసికొని బ్రదికెను.

1841వ సంవత్సరమున నాంటకెట్టు ద్వీపమున దాస్యనిషేధవాదుల సభలో నాయన తన కథను జెప్పెను. విలియము లాయిడు గారిసను మొదలగు నాయకు లాశ్చర్యపడి యాయనను దమ సంఘమునకు ఉపన్యాసకునిగా నియమించిరి. ఇంత చక్కగా మాటలాడువాడు దాసుడై యుండుట కల్ల యని కొందరు సందేహింపగా, 1845లో యజమానుల పేర్లతోను ఊళ్ల పేర్లతోను దన చరిత్రమును బ్రకటించెను. సత్యమును నిరూపించుటకై తన జాడను దానే శత్రువులకు దెలుపుకొనెను. పట్టుకొనిపోవుదు రను భయముచేత ఐర్లండునకును బ్రిటనుకును వెళ్లవలసివచ్చెను. అచట నెవ్వరును ఆయన రంగును జూచి తలుపు మూయలేదు. ఇంగ్లీషు మిత్రులు నూటయాబది పౌనులు చందావేసి, 1846 డిసెంబరు మాసమున దామసు ఆల్డు కుటుంబమునకు జెల్లించి, చట్టరీత్యా ఆయనకు విముక్తి సంపాదించిరి. ఆయన యచటనే సుఖముగా నుండిపోవచ్చును. కాని 1847లో మరలి వచ్చెను. తన్ను బశువువలె లెక్కించిన దేశమే తన దేశమనియు, అచట దనవారు లక్షలకొలది బంధములలో నున్నారనియు నాయన యెన్నడును మరువలేదు. ఆ యేడే న్యూయార్కు రాష్ట్రములోని రాచెస్టరు పట్టణమున 'ధ్రువనక్షత్రము' అను నర్థముగల పేరుతో బత్రిక నడప నారంభించెను. మరుసటియేట సెనెకా ఫాల్సున జరిగిన స్త్రీల హక్కుల సభకు బోయి, స్త్రీలకు వోటుహక్కు ఉండవలెనను తీర్మానము వీగిపోవునట్లున్న సమయమున లేచి దానిని బలపరచెను.

ఇచట మన ప్రస్తుతవిషయమునకు ముఖ్యమైన వివాద మొకటి వచ్చినది. అమెరికా రాజ్యాంగము దాస్యముతో జేసికొనిన యొడంబడిక గావున దానిని దహింపవలసినదే యని గారిసను వాదము. 1854 జూలై 4వ తేదీని ఆయన దాని ప్రతిని బహిరంగసభలో నిజముగనే కాల్చెను. డగ్లసు మొదట గురువు మాటనే నమ్మియుండెను. కాని పఠనముచేతను విచారముచేతను అభిప్రాయము మార్చుకొని 1851లో నా సంగతి ప్రకటించెను. రాజ్యాంగము తన యుద్దేశములుగా జెప్పుకొనినవి న్యాయము, స్వేచ్ఛ. దాసు డను శబ్దమే యందు లేదు. కావున దాని మాటలను దానికే యన్వయించి దాస్యమును బెరికివేయవచ్చునని యాయన వాదించెను. గురువు కోపించెను, ఏండ్లనాటి స్నేహము చెడెను. గారిసను చెప్పినదానిలో సత్యము లేకపోలేదు. రాజ్యాంగమును వ్రాసినవారిలో బలువురు దాసయజమానులే. అయినను, మంచిపత్రమును గాల్చివేసిన ఋణదాతకు బాకీ వసూలు చేసికొను నాధార మేమి మిగులును? డగ్లసు గ్రహించిన సూక్ష్మ మిదియే.

1852వ సంవత్సరము జూలై 5వ తేదీని రాచెస్టరు స్త్రీల దాస్యనిషేధసంఘమువారు స్వాతంత్ర్యోత్సవమునకై యాయనను బిలిచిరి. కొరింతియను మందిరమున నైదారువందలమంది చేరిరి. ఆయన మొదట రాజ్యస్థాపకులను మనసార బొగడెను. వారు ధీరులనియు, తమ సుఖముకంటె న్యాయమును మిన్నగా నెంచిరనియు నొప్పుకొనెను. ఆ పొగడ్తలో గపటము లేదు. పిమ్మట స్వరము మార్చి, ఆ యుత్సవమున దనవారికి బాలు లేదని తేటతెల్లముగా జెప్పెను. ఓడరేవులలో జరుగుచుండిన దాసవిక్రయమును వర్ణించెను. పారిపోయినవారిని బట్టియిచ్చుట పౌరధర్మముగా జేసిన 1850వ సంవత్సరపు చట్టమును జీల్చి చెండాడెను. అట్టి చట్టమును జూచి నోరు మెదపని దేవాలయాధికారులను నిందించెను. తుదకు, ఇంత చెప్పియు నిరాశతో ముగింపక, రాజ్యాంగమందలి న్యాయసూత్రములయందు దనకు నమ్మిక గలదని చెప్పి కూర్చుండెను.

ఈ యుపన్యాసమునందలి తూనికను జదువరులు శ్రద్ధగా గమనింతురుగాక. సాధారణముగా మనము తక్కెడలో నొకవైపున గీర్తిని, రెండవవైపున నపకీర్తిని ఉంచి యేది బరువని చూతుము. డగ్లసు అట్లు చేయలేదు. ఆయన కీర్తిని సరకుగా గాక తూనికరాయిగా వాడెను. ఉన్నతమైన ప్రతిజ్ఞ చేసిన జాతి యాప్రతిజ్ఞతోనే కొలువబడవలెను. అట్లు కొలిచినపుడు ఘనత పాపమును దేలికచేయదు. మరింత బరువు చేయును. మంచి యన నేమో తెలియనివాని తప్పుకంటె, తెలిసి లోకమునకు జాటినవాని తప్పు పెద్దది. అయినను ఆ ప్రతిజ్ఞ నిలిచియున్నంతవరకు దిద్దుబాటునకు మార్గమును నిలిచియుండును.

1861లో నంతర్యుద్ధము పుట్టెను. అది దాస్యమును దుదముట్టించు యుద్ధము కావలెనని డగ్లసు మొదటిదినమునుండి వాదించెను. ఐక్యమును నిలుపుటయే తన ప్రథమోద్దేశమని లింకను మెలమెల్లగా నడచుచుండగా, ఆ మందగమనమును బత్రికలో దీవ్రముగా నిందించెను. 1863 జనవరి 1వ తేదీని విమోచనశాసనము వెలువడిన పిమ్మట నల్లవారిని సైన్యమున జేర్చుటకై యూరూర దిరిగెను. తన కుమారులు లూయిసును, చార్లెసును మసాచుసెట్సు 54వ పటాలమున జేరిరి. తెల్లసిపాయికి నెలకు పదుమూడు డాలర్ల జీతమును, నల్లసిపాయికి పది డాలర్లును, అందులోనుండి బట్టలకై మూడు డాలర్లు కోతయు నుండెను. ఆ యన్యాయమును గూర్చి 1863 ఆగష్టున లింకనుతో ముఖాముఖి మాటలాడెను. 1864లో జట్టము మారెను. దాదాపు ఒకలక్షయెనుబదివేలమంది నల్లవా రా యుద్ధమున సైనికులుగా బనిచేసిరి. ఆరులక్షలకు బైబడినవారు ప్రాణములు గోల్పోయిన పిదప దేశము తన పాపములో నొకభాగమును గడుగుకొనెను. 1865లో దాస్యము రద్దాయెను. 1868లో బౌరసత్వమును, 1870లో బురుషులకు వర్ణభేదము లేక వోటుహక్కును రాజ్యాంగమున జేరెను.

ఆ కాలమున నీ వార్త మనదేశమునకును వచ్చి చేరెను. పూనా నగరమున జోతీరావు ఫూలే 1873లో బ్రకటించిన 'గులాంగిరి' గ్రంథమును, దాసుల విమోచనమునకై త్యాగములు చేసిన అమెరికా సజ్జనులకు అంకితము చేసెను. శూద్రాతిశూద్రుల దాస్యమును దొలగించుటకు మనదేశస్థులు వారిని మార్గదర్శకులుగా గొందురని యాయన యాశించెను. అది యుచితమైన కృతజ్ఞత. కాని నాలుగేండ్లు తిరుగకమునుపే ఆ మార్గదర్శకులు వెనుకడుగు వేసిరి.

దానికి బూర్వము 1876 ఏప్రిలు 14వ తేదీని వాషింగ్టను నగరమున లింకను స్మారకవిగ్రహ మొకటి యావిష్కరింపబడెను. దానికి ధనమిచ్చినవారు విముక్తులైన నల్లవారే. దేశాధ్యక్షుడగు గ్రాంటు ఎదుట డగ్లసు ప్రధానోపన్యాసము చేసెను. మృతుడైన యుపకారిని గేవలము స్తుతింతురని యందరు ననుకొనియుందురు. ఆయన యట్లు చేయలేదు. లింకను ప్రధానముగా దెల్లవారి క్షేమమును జూచిన నాయకు డనియు, నల్లవారి సంగతి యాయన మనస్సున రెండవదనియు సభాముఖమున జెప్పెను. దాస్యనిషేధవాదుల కొలతచే జూచిన నాయన మందగామి. తన దేశజనుల సామాన్యాభిప్రాయపు గొలతచే జూచిన నతివేగగామి. ఈ రెండును నిజమే యని వివరించి, ఆయన చేసిన పని మహత్కార్యమని ముగించెను. కృతజ్ఞత యసత్యమును గోరదని మేమీ యుపన్యాసమువలన నేర్చుకొనవచ్చును.

డగ్లసు దోషములేనివా డని మేము చెప్పము. 1869లో నల్లపురుషుల వోటు ముందో, స్త్రీల వోటు ముందో యను తగవు వచ్చినపుడు నల్లపురుషుల పక్షమే వహించి, చిరకాలమిత్రులైన స్త్రీనాయకులను నొప్పించెను. 1877లో హెయిసు అధ్యక్షుడై, దక్షిణరాష్ట్రముల ప్రభుత్వములను గాపాడుచుండిన జాతీయసైన్యమును వెనుకకు దీసెను; నల్లవారి హక్కులు మరల పూర్వయజమానుల పాలాయెను. ఆ హెయిసు చేతులమీదుగానే డగ్లసు వాషింగ్టను ప్రాంతమునకు మార్షలు పదవిని స్వీకరించెను. స్వజనములో గొందరు విమర్శించిరి. జాతి తన మాట తప్పుచుండగా ఆ ప్రభుత్వమున బదవి వహించుట ఆయన తూనికతోనే తూచిన దక్కువ గానవచ్చును.

ఆ సంవత్సరమే యాయన పూర్వయజమానుడగు తామసు ఆల్డు మరణశయ్యమీద నుండి కబురంపగా వెళ్లి చూచెను. ఇరువురి కన్నులును జెమ్మగిల్లెను. దాస్యము ధర్మమేనని డగ్లసు అచట నొప్పుకొనలేదు. కాని పూర్వము ఆల్డు తన యమ్మమ్మను ముసలితనమున దిక్కులేక వదలెనని తాను పత్రికాముఖమున మోపిన నింద పొరపాటని యంగీకరించెను. పాపములెక్కను వ్రాయువాడు, తన శత్రువుమీద సయితము ఒక కాసైనను ఎక్కువ వ్రాయరాదు. అట్లు వ్రాసిన లెక్కకు విలువ యుండదు.

1883లో సర్వోన్నతన్యాయస్థానము, బహిరంగస్థలములలో వర్ణభేదమును నిషేధించిన 1875వ సంవత్సరపు చట్టమును గొట్టివేయగా ఆయన బహిరంగసభలో నిరసించెను. 1884లో, మొదటి భార్య చనిపోయిన పిమ్మట, హెలెను పిట్సు అను తెల్లవనితను వివాహమాడి యుభయజాతులవారి నిందలకును గురియయ్యెను. 1889 మొదలు 1891 వరకు హెయిటీ దేశమున రాయబారిగా నుండెను. నల్లవారిని విచారణలేకయే మూకలు చంపుచుండిన దినములలో, యువతియగు ఐడా వెల్సు చేయుచుండిన పోరాటమునకు దోడ్పడి, 1894 జనవరిలో వాషింగ్టను దేవాలయమున నా దురాచారమును ఖండించెను. 1895 ఫిబ్రవరి 20వ తేదీని స్త్రీల మహాసభకు బోయి యింటికి వచ్చి, ఆ సాయంకాలమే కన్నుమూసెను. రాచెస్టరున నాయన సమాధి యున్నది.

ఆయన మరణించిన మరుసటియేట నత్యున్నతన్యాయస్థానమే వర్ణములను వేరువేరుగా నుంచుట న్యాయమని తీర్పు చెప్పెను. 1964, 1965 సంవత్సరముల చట్టములవరకు, అనగా దాదాపు డెబ్బదియేండ్లు, ఆ యన్యాయము సాగెను. ఆ చట్టములను సాధించినవారును 1776, 1868, 1870 సంవత్సరముల ప్రతిజ్ఞలనే చేతబట్టుకొని పోరాడిరి. డగ్లసు కాల్చనీయక నిలుపుకొనిన పత్ర మట్లు మరల నుపయోగపడెను.

చదువరులారా! ఏ దేశమువారికైనను దమ పూర్వుల కీర్తి యున్నది. దాచుకొనవలెనని తోచు చరిత్రయు నున్నది. కీర్తిని జెప్పుకొనునపుడెల్ల మనము ఒక కొలతను నిలుపుచున్నామని యెరుగవలెను. ఆ కొలతకు మనమే మొదట దలయొగ్గవలెను. ఇతరుల తప్పులతో బోల్చి తృప్తిపడరాదు; తప్పులను జూచి కొలతను బారవేయరాదు. తనకు బాలులేని యుత్సవమున నిలిచి, ఉత్సవము చేసికొనువారి మాటలనే వారికి మరల నప్పగించిన యా దాసీపుత్రునికంటె, ఆ దేశమును నిజముగా బ్రేమించినవారు మిక్కిలి తక్కువయని మా యభిప్రాయము.